తాడు మీద కన్ను

కొన మీది లైట్‌హౌసుకి ఏటేటా రంగు వేసేది మొగుడు. ఆ మొగుడు కింద పడి ముక్కలు కాకుండా పట్టుకునేది పెళ్ళాం. అయినా ఊళ్ళో పేరంతా మొగుడిదే. ఆయన్ని రంగుల మావయ్య అంటారు, ఆమెను తాడత్త అంటారు. "మావయ్య ఈ ఏడు ఎరుపు బ్రహ్మాండంగా వేశాడు" అని రేవులో మెచ్చుకునేవాళ్ళున్నారు గానీ, "అత్త ఈ ఏడు తాడు బ్రహ్మాండంగా పట్టింది" అన్నవాడు ఈనాటికీ పుట్టలేదు. తాడు బాగా పట్టినప్పుడు ఎవరికీ కనిపించదు మరి. పట్టకపోతేనే కనిపిస్తుంది.

కొన అంటే ఊరి చివర సముద్రంలోకి పొడుచుకుపోయిన రాతినేల. మూడు వైపులా నీళ్ళు, ఒక్క వైపు మాత్రం మనుషులు. ఆ రాయి చిట్టచివర లైట్‌హౌసు. పైనుంచి కిందికి ఒక ఎర్ర పట్టీ, ఒక తెల్ల పట్టీ, మళ్ళీ ఎరుపు, మళ్ళీ తెలుపు, అడుగున ఎరుపు. రాత్రి దీపం చెప్పే మాటనే పగలు ఈ పట్టీలు చెప్తాయి. దూరం నుంచి మూడు ఎర్ర పట్టీలు కనిపిస్తే ఇది మన కొన, నిశ్చింతగా రేవులోకి రావచ్చు. రెండే కనిపిస్తే అది ఉత్తరాన ఉన్న ఇంకో కొన, దాని కింద నీళ్ళలో రాళ్ళు పొంచి ఉన్నాయి, పడవ తిప్పుకుని దూరంగా పొమ్మని అర్థం. కానీ ఉప్పుగాలికి ఈ లెక్కలేం పట్టవు. ఏడాది తిరిగేసరికి ఎరుపును నమిలి నమిలి వెలసిన చీరలా చేసి వదిలిపెడుతుంది. అందుకే ప్రతి ఏడూ వానలకు ముందు రంగు పడాల్సిందే.

పని తీరు చూడ్డానికి తేలిక. దీపం గది చుట్టూ కటకటాల వరండా. అక్కణ్ణించి బయటికి చాచిన దూలానికి కప్పీ, కప్పీ మీంచి తాడు. తాడు ఒక కొసన చెక్క పీట, పీట మీద రంగు డబ్బాతో మొగుడు. రెండో కొస దీపం గది గోడకి బిగించిన ఇనుప దిమ్మ చుట్టూ తిరిగి పెళ్ళాం చేతుల్లోకి వస్తుంది. బరువంతా దిమ్మే మోస్తుంది. జారకూడనప్పుడు తాడు జారకుండా, జారాల్సినప్పుడు జానెడు జానెడే జారేలా చూసేవి చేతులు. మాటలు పనికిరావు. గాలి హోరు, అలల హోరు, పైగా వరండా గచ్చు అడ్డం. కింద వేసిన కేక వేసినవాడికే వినపడదు. అందుకని మాటలన్నీ తాడుతోనే. ఒకసారి గుంజితే దించు. రెండుసార్లు గుంజితే ఆపు. మూడుసార్లు గుంజితే నేల మీద దిగాను, ఇక నువ్వు హాయిగా ఊపిరి పీల్చుకో అని.

ఈ పని ఆమెకు నేర్పింది మావగారు. కొత్త కోడలికి ఇంటి తాళాలు ఇచ్చేవాళ్ళుంటారు. ఆయన తాడు కొస ఇచ్చాడు. ఇచ్చి, "అమ్మాయ్, తాడు మీద చెయ్యి, తాడు మీద కన్ను. వెనక సముద్రంలో బంగారం తేలినా తిరగొద్దు" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "తాడు వదులైందంటే మనిషి దిగాడని కాదు. మూడుసార్లు గుంజితేనే దిగినట్టు. అప్పటిదాకా నీ మనిషి గాల్లోనే ఉన్నాడనుకో." ఆ మాట వెనక ఆయన తమ్ముడున్నాడు. తమ్ముడు పని మధ్యలో ఒక కిటికీ అంచు మీద కాళ్ళు ఆనించి కాసేపు నడుం చాపాడట. తాడు వదులైంది. పైనున్నవాడు పనైపోయిందనుకుని దిమ్మ మీంచి తాడు తీసేశాడు. ఈ సంగతి మావగారు ఒక్కసారే చెప్పాడు. రెండోసారి చెప్పే అవసరం రాలేదు.

అలా తాడత్త ఇన్నేళ్ళూ కొన మీద అందరికంటే ఎత్తైన చోట కూచుని, గోడకేసి మొహం పెట్టి, సముద్రానికి వీపు చూపించి, ఒక తుప్పుపట్టిన ఇనుప దిమ్మని చూస్తూ గడిపింది. ఆ వరండాలో నిలబడి నాలుగు దిక్కులూ చూడాలని ఎక్కడెక్కణ్ణించో జనం వచ్చి లైటాయన్ని బతిమాలుకుంటారు. ఆమెకేమో దిమ్మ మీద ఏ పక్క తుప్పు ఏ ఆకారంలో ఉందో తెలుసు. పనయ్యాక చూడొచ్చుగా అంటారేమో. పనయ్యేసరికి పొద్దు వాలుతుంది. వాలుపొద్దులో సముద్రం కొత్త రేకులా మెరుస్తుందే తప్ప లోపలిదేదీ చూడనివ్వదు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు, ఎత్తు మీంచి చూస్తేనే నీళ్ళు తలుపు తీస్తాయి. ఆ వేళకి ఆమె చేతిలో తాడు, తాడు కొసన మొగుడు.

ఆ చూడ్డమంతా మొగుడు చూసేవాడు. చూసి ఊరుకునేవాడా? సాయంత్రం ఇంటికొచ్చి చేతులకి కిరసనాయిలు రుద్దుకుంటూ మొదలుపెట్టేవాడు. "ఇవాళ డాల్ఫిన్లు వచ్చాయే. బడి వదిలిన పిల్లల్లా ఒకదాన్నొకటి తోసుకుంటూ." ఆమె కూరగాయలు తరుగుతూ "ఊ" అనేది. "చాపంత వెడల్పు చేపొకటి నీళ్ళలోంచి ఎగిరి, గాల్లో రెక్కలాడించి పడింది." "ఊ." "తాబేలొకటి నిద్రపోతుంటే దాని వీపు మీద పక్షి నిలబడి ప్రయాణం చేసింది." "టిక్కెట్టు తీసుకుందా?" అనేది ఆమె. ఒకసారి మాత్రం ఆయన చేతులకి కిరసనాయిలు రాసుకోవడం కూడా మర్చిపోయి, ఎర్రటి అరచేతులతోనే గుమ్మంలో నిలబడిపోయాడు. "తిమింగలమే! పిల్లని వీపు మీద మోసుకుంటూ పోయింది. మన కొన కిందే. నా కాళ్ళ కిందే." ఆమె నవ్వి నవ్వి కత్తిపీట పక్కన పెట్టింది. "చంకలో ఎత్తుకుని ఉగ్గు పట్టలేదూ?" అంది. ఆయన మొహం చిన్నబోయింది. ఆ తర్వాత చెప్పడం మానలేదు గానీ, పొట్టిగా చెప్పేవాడు. ఆమె నమ్మేది కాదు. గోరంతని కొండంత చేసే మనిషని, పోన్లే కడుపులో కల్మషం లేదని, ఇరుగమ్మ పొరుగమ్మలతో అనేది.

ఆయన కన్ను అసలు ఒకచోట నిలిచేది కాదు. అదే ఆ మనిషిలో ఉన్న పెద్ద దోషం, అదే అందం కూడా. పొయ్యి మీద పాలు పెట్టి చూస్తూ ఉండమంటే, కిటికీలోంచి గోడ మీద పిల్లిని చూసేవాడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయి వాసన పక్కింటికి కొట్టేది. "నీ చేతిలో పాలు పొంగని రోజు నేను చూడాలయ్యా" అని ఆమె, "చూద్దువుగానిలే" అని ఆయన. ఎప్పుడూ చూడలేదు.

ఈ ఏడు పని మొదలైనప్పట్నుంచీ మావయ్య కుడి భుజం మొరాయించింది. నిద్రలో ఒత్తుకుందన్నాడు. గాలి పట్టిందన్నాడు. చొక్కా ఆమె తొడగాల్సి వచ్చేసరికి ఇక ఏమీ అనలేదు. పై ఎరుపు, తెలుపు పూర్తయ్యాయి. అడుగువీ పూర్తయ్యాయి. నడిమి ఎర్ర పట్టీ మూడు వైపులా అయింది. నాలుగోది సముద్రం వైపు. దాని పాత రంగు గీకేసి, బూడిదరంగు పూత ఒకటి వేసి, ఆరాక ఎరుపు వేద్దామని కిందికి దిగిన మనిషి మళ్ళీ చెయ్యెత్తలేకపోయాడు. పట్నం డాక్టరు చూసి, "భుజం బిగుసుకుపోయింది, నెలలు పడుతుంది, చెయ్యి పైకి చాచే పనేదీ పెట్టుకోవద్దు" అన్నాడు.

నెలలంటే వానలు ఆగుతాయా? దక్షిణాన మబ్బు పోగవడం మొదలైంది. ఒక పొద్దున పడవ సరంగు ఒకడు నేరుగా ఇంటికే వచ్చాడు.

"అత్తా, నిన్న మసకలో కొన చూసి ప్రాణం పోయిందనుకో. రెండే ఎర్ర పట్టీలు కనపడ్డాయి. ఉత్తరం కొన మీదికి కొట్టుకుపోయామనుకుని పడవ తిప్పేశా. మా తమ్ముడు అరిచి ఆపకపోతే ఎటు పోయేవాళ్ళమో. వానలు పడ్డాక ఇంకేం కనిపిస్తుంది ఎవడికైనా? మిగతా పడవలన్నీ ఇంకా సముద్రంలోనే ఉన్నాయి."

మావయ్య తల దించుకున్నాడు. "ఎడమ చేత్తో వేసేస్తాలే" అన్నాడు. పెరటి గోడ మీద వేసి చూపించాడు కూడా. గోడ మీద తప్ప అన్నిచోట్లా రంగు పడింది.

ఆ సాయంత్రం లైట్‌హౌసు అడుగున ముగ్గురూ కూచున్నారు. మూడోమనిషి లైటాయన, దీపం చూసుకునే పెద్దమనిషి. ఆయనకి ఎత్తంటే భయం. లైట్‌హౌసులో ఉద్యోగం చేస్తూ ఎత్తంటే భయమేమిటని అడక్కండి, దేవుడి లెక్కలు అలాగే ఉంటాయి. దీపం గదిలోకి వెళ్తాడు, గాజులు తుడుస్తాడు, వరండాలోకి మాత్రం గోడకి బల్లిలా అతుక్కుంటే గానీ అడుగు పెట్టడు.

"నావైపు చూడకు బావా" అన్నాడు ముందే. "నేను దిగను. తాడూ పట్టను. కళ్ళు తిరిగి నేను పడితే ఇద్దరం పోతాం."

"నేను దిగుతా" అంది తాడత్త.

ఇద్దరూ ఆమెను చూశారు.

"నువ్వా?" అన్నాడు మొగుడు.

"పీట మీద కూచోడానికి మీసాలు కావాలా? పడవలకి నేనూ రంగు వేస్తూనే ఉన్నాగా. కుంచె పట్టడం రాదా నాకు?"

"అది కాదే. మరి తాడు ఎవరు పడతారు?"

"ఇంకెవరు పడతారు? నువ్వే. బరువు దిమ్మ మోస్తుంది. ఎడమ చెయ్యి చాలు, కాలు గోడకి తన్నిపెట్టుకో. పైకి లాగే పనేం లేదు, దించడమేగా."

లైటాయన ముక్కు గోక్కున్నాడు. "చెల్లెమ్మా, బావ చేతికి తాడా? పాలగిన్నె సంగతి మర్చిపోయావేంటి?"

నవ్వాలనే అన్నాడు పాపం. ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే ఆమె కడుపులో ఉన్న భయం కూడా అదే. ఎత్తు కాదు, గాలి కాదు, మొగుడి భుజం కూడా కాదు. ఆ కన్ను. సముద్రంలో ఎక్కడో ఒక తోక తళుక్కుమంటే చాలు, ఆ మనిషి తల తిరుగుతుంది. తల తిరిగితే చెయ్యి సడలుతుంది. చెయ్యి సడలితే తను నేల మీద రంగు మరకలా మిగులుతుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె ఆయన్ని చూసి నవ్వింది ఆ కన్ను వల్లే. ఇప్పుడు ఆ కన్ను చేతిలోనే తన ప్రాణం పెట్టాలి.

మర్నాడు పొద్దెక్కాక పైకి వెళ్ళారు. ఆమె చీర కచ్చ బిగించింది. నడుముకి ఇంకో తాడు చుట్టుకుని పీటకి కట్టుకుంది. మొగుణ్ణి దిమ్మ ముందు కూచోబెట్టి, కాలు ఎక్కడ ఆనించాలో చూపించి, తాడు కొస ఎడమ చేతిలో పెట్టింది.

"ఇప్పుడు చెప్పు. మావగారు ఏం చెప్పారు?"

"తాడు మీద చెయ్యి, తాడు మీద కన్ను."

"బంగారం తేలితే?"

"తిరగొద్దు."

"తిమింగలం తేలితే?"

ఆయన కన్ను ఒకసారి సముద్రం వైపు పోయి తిరిగొచ్చింది. "తిరగను."

"తాడు వదులైతే?"

"నువ్వు గాల్లోనే ఉన్నట్టు. మూడుసార్లు గుంజేదాకా." అని, కాస్త ఉక్రోషంగా, "ఇన్నేళ్ళూ నువ్వు నన్ను పడేశావా? నేనెందుకు పడేస్తానే నిన్ను?" అన్నాడు.

"నేను పాలు పొంగించను కాబట్టి పడెయ్యలేదు" అంది ఆమె, కటకటాలు దాటుతూ.

కాళ్ళ కింద ఏమీ లేకపోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పీట అటూ ఇటూ ఊగింది. అరికాళ్ళు జివ్వుమన్నాయి. ఈ మనిషి ఇన్నేళ్ళుగా దీని మీద కూచుని ఈలలు వేసుకుంటూ పని చేశాడా అని మొదటిసారి మొగుడి మీద కొంచెం గౌరవం కలిగింది. తాడు ఒకసారి గుంజింది. జానెడు దిగింది. ఆగింది. మళ్ళీ జానెడు. పట్టేవాడి చేతిలో తొందర లేదు, వణుకు లేదు. ఆమె ఊపిరి కాస్త కుదుటపడింది. నడిమి పట్టీ దగ్గర రెండుసార్లు గుంజింది. పీట నిలిచింది.

కుంచె ముంచి గోడకేసి చూస్తూ వేయడం మొదలుపెట్టింది. అలవాటు అటువంటిది. సముద్రం వీపు వెనకే ఉంది, చేతిలో తాడు లేదు, చూడొద్దన్నవాడూ లేడు. అయినా తల తిరగలేదు. బూడిదరంగు మీద ఎరుపు పరుచుకుంటుంటే, ఇదిగో ఇది పడవలకి కనిపిస్తుంది, ఆ సరంగుకి కనిపిస్తుంది అనుకుంటూ చెయ్యి ఆడించింది. పని మూడొంతులు అయ్యాక చెయ్యి నొప్పెట్టి కుంచె డబ్బాలో పెట్టి, కాళ్ళతో గోడని కొంచెం తన్నింది. పీట మెల్లగా తిరిగింది.

అప్పుడు చూసింది.

నడినెత్తిన ఎండ. నీళ్ళు తలుపు తీసి ఉన్నాయి. రాయి దగ్గర పచ్చగా, ఆ తర్వాత నీలంగా, ఇంకా అవతల నీలం కూడా కాని రంగు. ఆమె చేతుల మీదుగా పోయిన రంగు డబ్బాలు వందలున్నాయి, ఆ రంగు ఒక్క డబ్బాలోనూ లేదు. అడుగున ఇసుక మీద చేపల గుంపు ఒకటి మబ్బు నీడలా కదిలి, ఒక్కసారే మొత్తం తిరిగి, తెల్లగా మెరిసి, మళ్ళీ నల్లబడింది. తాబేలొకటి తీరిగ్గా పైకొచ్చి, తల బయటపెట్టి, ఇంత లోకం ఉందా అన్నట్టు చూసి, మళ్ళీ దిగిపోయింది. దాని వీపు మీద పక్షి లేదు. ఉండుంటే ఆమె ఇప్పుడు ఆశ్చర్యపోయేది కాదు. "అమ్మో" అంది, ఎవరితోనో కాదు. "అమ్మో, అమ్మో."

గాలి పడిపోయింది. వానకి ముందు అలా పడిపోతుంది. ఆ నిశ్శబ్దంలో కింద భుస్సుమని ఊపిరి వినిపించింది. కొలిమి తిత్తులు పది ఒక్కసారి ఊదినట్టు. కొండరాయికి తగిలి మారుమోగింది.

సరిగ్గా ఆమె కాళ్ళ కింద, రాతి పక్కన లోతు నీళ్ళలో, ఒక నల్లటి వీపు. ముందు రాయనుకుంది. రాయి కదిలింది. దాని పొడవు కొలుద్దామని తనకి తెలిసిన కొలత పెట్టింది, పట్టీ కొలత. ఒక పట్టీ కాదు. రెండు పట్టీలు కలిపినంత ఉంది. దాని పక్కనే ఇంకొకటి, కాస్త చిన్నది, మొదటిదాని చుట్టూ తిరుగుతోంది. పురిటి మంచం చుట్టూ తిరిగే అక్కలాగా.

అలా ఎందుకనిపించిందో మరుక్షణమే అర్థమైంది. పెద్దదాని వెనక నీళ్ళు ఎర్రబడ్డాయి. ఇద్దరు పిల్లల్ని కన్న మనిషి ఆమె, ఆ ఎరుపు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

అప్పుడే ఆమెకు పైనున్న మొగుడు గుర్తొచ్చాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ భుస్సుమన్న చప్పుడు ఆయన చెవిన పడకుండా ఉంటుందా? ఏళ్ళ తరబడి ఏ ఊపిరి కోసం చెవులు రిక్కించాడో ఆ ఊపిరి. ఇప్పుడు తిరుగుతాడు. ఇప్పుడు లేచి కటకటాల దగ్గరికి పరిగెత్తుతాడు. ఆమె రెండు చేతులతో తాడు పట్టుకుని కళ్ళు మూసుకుంది. తాడు ఒక్కసారి వణికింది. జారలేదు. మళ్ళీ కింద ఊపిరి. మళ్ళీ తాడు వణికింది. జారలేదు. ఆమె కళ్ళు తెరిచింది.

ఆ క్షణంలో ఆమె మనసు రెండుగా చీలింది. ఆయన చూడకూడదు. ఆయన చూస్తే తను చస్తుంది. కానీ ఆయన చూడాలి. ఇది చూడాల్సింది ఆయన, తను కాదు. ఇన్నేళ్ళు నవ్విన మనిషికి ఇంత పెద్ద తలుపు తెరుచుకుంది, నోరారా పొగిడిన మనిషి గోడకేసి తిరిగి కూచున్నాడు. ఇదెక్కడి న్యాయం అనుకుంది.

కింద ముందు తోక వచ్చింది. చిన్న తోక, తడిసిన బట్టలా ముడుచుకుని ఉంది. ఆ తర్వాత ఎంతోసేపు ఏమీ లేదు. పెద్దది కదలకుండా తేలుతోంది. ఆమె పళ్ళు బిగించింది, తను కూడా నొప్పులు పడుతున్నట్టు. ఒక్కసారిగా మిగతాదంతా జారి బయటికొచ్చింది, నెత్తుటి మబ్బులోంచి, లేతబూడిద రంగులో, తల పైకి లేవకుండా. మునిగిపోతోంది. పచ్చటి నీళ్ళలోంచి నీలంలోకి జారుతోంది.

"పైకి" అంది ఆమె. "పైకి తీసుకురా తల్లీ. ఊపిరాడదు దానికి. పైకి!"

తిరుగుతున్న రెండోది కిందికి దిగింది. పిల్ల కిందికి పోయి తలతో ఎత్తింది. తల్లి అంత పెద్ద ఒళ్ళూ మెల్లగా తిప్పి, ఏ పక్కా తగలకుండా, పిల్ల కిందికి తన వీపు చేర్చింది. చేర్చి లేచింది. నీళ్ళు రెండుగా విడిపోయాయి. తల్లి వీపు మీద, ఎండలో, పిల్ల.

పిల్లని వీపు మీద మోసుకుంటూ.

ఆమె ఊపిరి బిగబట్టింది. పిల్ల కదల్లేదు. తల్లి దాన్ని మళ్ళీ నీళ్ళలోకి జారనిచ్చి, మళ్ళీ ఎత్తింది. లోకంలో ఇంకే చప్పుడూ లేదు. ఆ తర్వాత పసిపిల్ల తుమ్మినంత చిన్న శబ్దం. "ఫుస్". చిటికెడు నీటి పొగ లేచి ఎండలో మెరిసింది.

ఆమె ఏడ్చింది. పీట మీద, గాల్లో, రంగు డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ చూడరన్న ధైర్యంతో చిన్నపిల్లలా ఏడ్చింది. దేనికని అడిగితే చెప్పలేకపోయేది. లోకం ఇంత పెద్దదని ఎవరూ తనకు చెప్పలేదని కాదు. చెప్పారు. రోజూ చెప్పారు.

మిగిలిన కాస్త పట్టీ ఎలా వేసిందో ఆమెకే తెలియదు. ఒకచోట కుంచె వంకర పోయింది. పడవలకి కనిపించదు గానీ ఆ వంకర ఇప్పటికీ అక్కడుంది. ఒకసారి గుంజింది. తాడు జానెడు జానెడుగా, పొద్దున దిగినంత నెమ్మదిగా దింపింది. నేల తగిలింది. నడుం తాడు విప్పుకుని పీట దిగి రాతి అంచుకి పరిగెత్తింది. తల్లీ పిల్లా ఇంకా ఉన్నాయి. పిల్ల తోక ఇప్పుడు విచ్చుకుంది. అది నీళ్ళని తడుతూ ఈత నేర్చుకుంటోంది, తల్లి దాన్ని ఆనుకుని పోతోంది. అవి కొన వెంట కదులుతుంటే ఆమె రాళ్ళ మీద వాటి వెంట నడిచింది. అవి లోపలికి, ఆ పేరులేని రంగులోకి పోయి, ఒక ఊపిరిగా, ఆ తర్వాత అర ఊపిరిగా మిగిలి, లేకుండా పోయేదాకా చూస్తూనే ఉంది. మొదటి చినుకు చెయ్యి మీద పడింది.

చినుకు పడ్డాక గుర్తొచ్చింది. మూడుసార్లు గుంజలేదు.

ఇన్నేళ్ళలో ఒక్కసారి ఆయన మర్చిపోయుంటే ఆమె ఊరుకునేదా? ఇల్లు పీకి పందిరి వేసేది. ఆమె మెట్ల వైపు పరిగెత్తింది. మెలితిరిగిన మెట్లు, ఊపిరి అందదు, మోకాళ్ళు కీచుమంటున్నాయి. దీపం గదిలో లైటాయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "చెల్లెమ్మా, నేనెంత పిలిచినా పలకట్లేదు బావ" అన్నాడు గుసగుసగా. ఆమె వరండాలోకి వెళ్ళింది.

ఆయన దిమ్మ ముందు కూచుని ఉన్నాడు. ఆమె కూచునేటట్టే, సముద్రానికి వీపు పెట్టి. ఎడమ చేతికి తాడు చుట్టుకుని, పనికిరాని కుడి చేతిని కూడా దాని మీద వేసి బిగించాడు. భుజం గడగడా వణుకుతోంది. చినుకులు మెడ మీద పడుతున్నాయి. రెప్ప వేయకుండా తాడునే చూస్తున్నాడు. తాడు వదులుగానే ఉంది. ఎంతసేపట్నుంచో వదులుగానే ఉంది.

"ఏమయ్యా, వచ్చేశా" అంది.

ఆయన తల తిప్పలేదు. "గుంజలేదు నువ్వు" అన్నాడు.

"ఇదిగో, నీ వెనకే ఉన్నా."

"గుంజలేదే నువ్వు."

ఆమె మోకాళ్ళ మీద కూచుని, ఆయన కళ్ళముందు నుంచే చెయ్యి చాచి, తాడు పట్టుకుని గుంజింది. ఒకటి. రెండు. మూడు.

అప్పుడు వదిలాడు. వేళ్ళు విడిపోవడానికి ఆమె సాయం చేయాల్సి వచ్చింది. అరచేతిలో తాడు అచ్చు ఎర్రగా దిగింది.

"వచ్చిందా?" అన్నాడు మొదటి మాటగా.

"విన్నావా?"

"వినకేం. పెద్ద ఊపిరి విన్నా. ఇంకో పెద్దది విన్నా. చివర్న ఒక చిన్నది వినపడింది." ఆయన కళ్ళు ఆమె మొహం మీద అటూ ఇటూ పరిగెత్తాయి. "ఆ చిన్నది ఏంటే?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఎరుపు గురించి, ముడుచుకున్న తోక గురించి, మునిగిపోవడం గురించి. చెప్తుంటే మాటలన్నీ పొట్టిగా పోయాయి. రెండు చేతులూ చాచి ఇంత ఉందంది, చాలలేదు. రెండు పట్టీలంత అంది, అదీ చాలలేదు. వీపు మీద ఎత్తుకుంది అంటూ తన వీపు తట్టి చూపించింది. ఆయన నోరు తెరుచుకుని వింటున్నాడు. ఒక్కచోటా "ఊ" అనలేదు. ఒక్కచోటా నవ్వలేదు. మునిగిపోతోందంటే ఆయన మొహం నల్లబడింది, ఊపిరి తీసిందంటే తెల్లగా వెలిగింది. చెప్పిన ప్రతి మాటా నమ్మాడు. లేచి సముద్రం వైపు కూడా చూడలేదు, ఆమె మొహమే చూస్తున్నాడు.

ఆమె ఆగిపోయింది.

"ఏమైందే? ఆ తర్వాత?"

"ఇన్నేళ్ళూ నువ్వు గోరంతని కొండంత చేస్తున్నావనుకున్నానయ్యా" అంది. "కొండంతని గోరంత చేసి చెప్పావు."

ఆయన తల దించుకుని, నొప్పిపెడుతున్న అరచేతిని చొక్కాకి తుడుచుకున్నాడు.

"అంతా చెప్తే నువ్వు నమ్మవు కదే" అన్నాడు.